పాత లాప్‌టాప్‌కు కొత్త పరుగు

మందగించిన యంత్రాన్ని అదిలించి పరుగెత్తించాలని అందరూ చూస్తారు. అది ఎక్కడ ఆగిపోతున్నదో చూసేవారు తక్కువ.

జానెడు వెడల్పు దుకాణం. గోడల నిండా వేలాడే చార్జర్లు, బల్లమీద స్క్రూలు ఏరి ఉంచిన సీసా మూతలు. ఎదుట నడివయసు తండ్రి, పక్కన డిగ్రీ చదివే కూతురు. తండ్రి గుడ్డసంచిలోనుంచి ఎనిమిదేళ్ళనాటి లాప్‌టాప్ తీసి బల్లమీద పెడతాడు.

"బాబూ, దీన్ని ఆన్ చేసి, కాఫీ కాచుకుని తాగి వచ్చినా దీనికి ఇంకా తెల్లవారదు. అమ్మితే ఎంతొస్తుంది?"

మెకానిక్ వెంటనే జవాబు చెప్పడు. యంత్రాన్ని ఆన్ చేసి, చెవి దగ్గరగా పెట్టి వింటాడు. తరువాత పక్కనున్న గాలి సందుల దగ్గర అరచేయి ఉంచి చూస్తాడు.

"లోపల డిస్కు ఆగకుండా గీరుతూనే ఉంది. గాలి బయటికి రావడం లేదు. దీనికి మరీ ముసలితనం రాలేదు సార్, ఊపిరాడటం లేదు."

సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఢిల్లీ నెహ్రూ ప్లేస్, బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబయి లామింగ్టన్ రోడ్డు - పేర్లు వేరైనా ఈ బజార్లన్నిటా నిత్యం కనిపించే దృశ్యం ఇది. కొత్త యంత్రం కొనడమంటే అటువంటి కుటుంబానికి ఏడాది కాలేజీ ఫీజుతో సమానమైన భారం. కొనకపోతే అమ్మాయి చదువు కుంటుపడుతుంది. ఇంటిల్లిపాదికీ ఉన్న కంప్యూటరు అదొక్కటే. ఈ రెండింటి నడుమ మూడో దారి ఉన్నది. అయితే అది చాలామంది వెదికే చోట లేదు.

కొరడా పట్టిన రోజులు

నెమ్మదించిన కంప్యూటర్ అనగానే ఎవరికైనా మొదట తోచేది దాని మెదడును, అనగా ప్రాసెసర్‌ను, వేగిరపరచాలని. అటువంటి ఆలోచనకు ఘనమైన చరిత్రే ఉన్నది.

ప్రాసెసర్ లోపల పనులన్నీ ఒక తాళానికి లోబడి జరుగుతాయి. బోర్డుపై ఉండే క్వార్ట్జ్ స్ఫటికం క్రమం తప్పకుండా స్పందిస్తూ ఉంటుంది. దానినుంచి పుట్టిన మూల తాళాన్ని ఒక గుణకంతో హెచ్చించి చిప్పు తన వేగాన్ని నిర్ణయించుకుంటుంది. 2.5 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 250 కోట్ల స్పందనలు. తయారీదారు విధించిన ఈ తాళాన్ని మించి చిప్పును పరుగెత్తించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

1998లో ఇంటెల్ సంస్థ సెలెరాన్ 300ఎ అనే చవకరకం చిప్పును విడుదల చేసింది. బోర్డు అందించే 66 మెగాహెర్ట్జ్ తాళాన్ని నాలుగున్నరతో హెచ్చించుకుని అది 300 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. ఔత్సాహికులు బోర్డు తాళాన్ని 100కు పెంచారు. చాలా చిప్పులు మారుమాట లేకుండా 450 మెగాహెర్ట్జ్‌తో నడిచాయి. మరో రెండేళ్ళకు ఎ.ఎం.డి. సంస్థ చేసిన అథ్లాన్, డ్యూరాన్ చిప్పులు వచ్చాయి. వాటి పైభాగాన తెగి ఉన్న సన్నని గీతలను మామూలు పెన్సిలుతో దిద్ది కలిపితే గుణకాన్ని మార్చుకునే వీలు కలిగేది. పెన్సిలులోని గ్రాఫైటు గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. కిటుకంతా అదే!

ఇదంతా ఎలా సాధ్యమైంది? ఒకే పళ్ళెంపై వందలాది చిప్పులు తయారవుతాయి. వాటిని పరీక్షించి, తట్టుకోగల వేగాన్నిబట్టి వేరు చేస్తారు. చవక చిప్పులకు గిరాకీ ఎక్కువగా ఉన్నప్పుడు, సత్తా ఉన్నవాటికి కూడా తక్కువ వేగపు ముద్ర వేసి అమ్మడం జరుగుతుంది. ఓవర్‌క్లాకింగ్ చేసేవాడు వెలికితీసింది ఆ దాగిన సత్తానే.

లాప్‌టాప్‌లకూ ఈ సరదా పాకింది. పెంటియం-ఎం కాలంలో కొందరు సాకెట్టులో సన్నని తీగముక్క అమర్చి, మూల తాళాన్ని 100 నుంచి 133కు ఎక్కించి, 1.6 గిగాహెర్ట్జ్ చిప్పును 2.13తో నడిపించారు. 2007లో ఇంటెల్ గుణకాన్ని స్వేచ్ఛగా మార్చుకోదగిన ఎక్స్7800 అనే లాప్‌టాప్ చిప్పునే విడుదల చేసింది. అయితే 2011లో వచ్చిన తరంతో ఈ తలుపు చాలావరకు మూసుకుపోయింది. అప్పటినుంచి చిప్పులోని వివిధ భాగాలన్నీ ఒకే మూల తాళానికి ముడిపడి ఉన్నాయి. దానిని నాలుగైదు శాతం కదిపినా యంత్రం తడబడుతుంది. నేడు ఖరీదైన కొన్ని ఆటల లాప్‌టాప్‌లలో తప్ప ఈ సౌకర్యం కనిపించదు.

వేడి చెప్పే లెక్క

తలుపు తెరిచే ఉన్నా లోపలికి వెళ్ళడం మంచిదా? భౌతికశాస్త్రం ఇక్కడ అడ్డుపడుతుంది.

చిప్పు ఖర్చు చేసే విద్యుత్తు దాని వేగాన్నిబట్టి పెరుగుతుంది. వోల్టేజినిబట్టి మరింతగా, వోల్టేజి వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. వేగం పెంచితే చిప్పు స్థిమితంగా నడవడానికి వోల్టేజిని కూడా పెంచక తప్పదు. వేగాన్ని 20 శాతం, అందుకోసం వోల్టేజిని 15 శాతం పెంచారనుకుందాం. అప్పుడు వేడి దాదాపు 59 శాతం పెరుగుతుంది. వచ్చే లాభం ఇరవై అయితే చెల్లించే మూల్యం అరవై.

బల్లమీది కంప్యూటరులో ఈ వేడిని మోయడానికి కిలో బరువున్న లోహపు రెక్కలు, పెద్ద ఫ్యాన్లు అమర్చుకోవచ్చు. పలుచని లాప్‌టాప్‌లో ఉండేది ఒక రాగి గొట్టం, అరచేతిలో ఇమిడే ఫ్యాను మాత్రమే. సన్నరకం లాప్‌టాప్ చిప్పులు సుమారు 15 వాట్ల వేడికి అనుగుణంగా రూపొందినవి. అంతకుమించి వేడెక్కితే, చాలా చిప్పులలో సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చిప్పు తనంత తానే వేగం తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటుంది. కొరడా దెబ్బ తిన్న గుర్రం నాలుగు అడుగులు దౌడు తీసి చతికిలబడినట్టు, అటువంటి యంత్రం మునుపటికంటె నెమ్మదిగా నడవడం కూడా కద్దు.

మరొక సంగతి. 2008 నుంచి ఇంటెల్ తన చిప్పులలో టర్బో బూస్ట్ అనే ఏర్పాటు చేర్చింది. వేడి అదుపులో ఉన్నంతసేపు చిప్పు స్వయంగా తన వేగాన్ని పెంచుకుంటుంది. అంటే నేటి లాప్‌టాప్ ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ అయి వస్తున్నదన్నమాట. దానిని పెంచనక్కరలేదు, ఉన్న వేగాన్ని పోగొట్టుకోకుండా చూసుకుంటే చాలు.

గుమాస్తా, రికార్డు గది

అసలు పాత లాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఏం చేస్తూ ఉంటుంది? చాలా సమయం ఏమీ చేయదు. ఎదురుచూస్తూ ఉంటుంది.

పాత లాప్‌టాప్‌లలో సమాచారాన్ని దాచేది హార్డ్‌డిస్కు. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్ళెంపై సన్నని చేయి అటూ ఇటూ కదులుతూ అక్షరాలను ఏరి తెస్తుంది. చేయి సరైన చోటికి చేరడానికి సుమారు 12 మిల్లీసెకన్లు, పళ్ళెం తిరిగి కావలసిన భాగం ఎదుటికి రావడానికి సగటున మరో ఐదున్నర మిల్లీసెకన్లు పడుతుంది. మనిషికి అది రెప్పపాటు కూడా కాదు. కాని ఆ 17 మిల్లీసెకన్లలో 2.5 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ నాలుగు కోట్లకు పైగా స్పందిస్తుంది.

ప్రాసెసర్‌ను కచేరీలో కూర్చున్న చురుకైన గుమాస్తాగా ఊహించుకోండి. దాని ఒక్కొక్క స్పందన గుమాస్తాకు ఒక సెకను అనుకోండి. అతడు రికార్డు గదినుంచి ఒక కాగితం తెమ్మని జవానును పంపుతాడు. హార్డ్‌డిస్కు అనే జవాను ఆ కాగితంతో తిరిగివచ్చేసరికి పదహారు నెలలు గడిచిపోతాయి! లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు ఇటువంటి కాగితాలు వేల సంఖ్యలో కావాలి. గుమాస్తా రాతలో వేగం పెంచినందువల్ల ఒరిగేదేమిటి? రైల్వే గేటు వేసి ఉండగా జట్కా గుర్రాన్ని కొట్టినట్టే.

ఈ జవానును మార్చడమే పాత లాప్‌టాప్‌కు చేయగల అతి గొప్ప చికిత్స. తిరిగే పళ్ళెం, కదిలే చేయి లేని ఎస్.ఎస్.డి.లో సమాచారం ఫ్లాష్ చిప్పులలో ఉంటుంది. ఈ ఫ్లాష్ జ్ఞాపకశక్తిని 1980లలో జపాన్‌లోని తోషిబా సంస్థలో పనిచేస్తూ రూపొందించినవాడు ఫుజియో మసుఓకా. ఎస్.ఎస్.డి. ఒక కాగితం తేవడానికి పట్టే కాలం మిల్లీసెకనులో పదోవంతు మాత్రమే. గుమాస్తా లెక్కలో పదహారు నెలల నిరీక్షణ మూడు రోజులకు దిగుతుంది. తీరికగా కాఫీ తాగి రాదగినంతసేపు ఆన్ అవుతూ ఉన్న యంత్రం అర నిమిషంలోపే సిద్ధం కావడం ఇందువల్లనే.

రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్కు ఉన్న చోట అదే పరిమాణంలోని సాటా రకం ఎస్.ఎస్.డి. సాధారణంగా ఇమిడిపోతుంది. పాత డిస్కులోని సమాచారాన్ని ముందుగా వేరొక చోట భద్రపరచుకోవడం మాత్రం మరువరాదు. గీరుడు శబ్దం చేసే డిస్కు ఏ క్షణాన్నయినా కన్నుమూయవచ్చు. ఫోటోలు, సర్టిఫికెట్ల నకళ్ళు, చదువు నోట్సు మరల రావు.

బల్ల ఎంత వెడల్పు?

రికార్డు గది తరువాత గుమాస్తా బల్లను చూడాలి. ప్రస్తుతం పని జరుగుతున్న కాగితాలు పరచుకునే ఆ బల్లే ర్యామ్. అందులోని కాగితం అందుకోవడానికి గుమాస్తాకు నాలుగు నిమిషాలకు మించి పట్టదు. బల్ల నిండిపోతే కొన్ని కాగితాలను తిరిగి రికార్డు గదికి పంపి, అవసరమైనప్పుడు మరల తెప్పించుకోవాలి. 4 జి.బి. ర్యామ్ ఉన్న యంత్రంలో ఇంటర్నెట్ పేజీలు నాలుగైదు తెరిచేసరికి ఈ రాకపోకలు మొదలవుతాయి. 8 జి.బి. ఉంటే సాధారణమైన చదువు, ఆఫీసు పనులు సాఫీగా సాగుతాయి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. సుమారు 2015కు ముందరి లాప్‌టాప్‌లలో ఎక్కువభాగం డి.డి.ఆర్.3 రకం ర్యామ్‌ను, తరువాతివి డి.డి.ఆర్.4 రకాన్ని వాడాయి. ఒకదాని గాడి మరొకదానికి సరిపడదు. డి.డి.ఆర్.3లోనే 1.5 వోల్టులతో నడిచేవి, 1.35 వోల్టులతో నడిచేవి వేరు. యంత్రం గరిష్ఠంగా ఎంత ర్యామ్‌ను భరించగలదో కూడా ముందే తెలుసుకోవాలి. ఇంకొక మాట. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న భారీ కేంద్రాలు జ్ఞాపకశక్తి చిప్పులను పెద్దఎత్తున కొనడంతో 2025 చివరి భాగంలో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుచేత ఈ బజార్లలో పాత యంత్రాలనుంచి తీసిన ర్యామ్‌ను పరీక్షించి కొనడం తెలివైన పనే.

ఊపిరి పోయడం

మెకానిక్ గాలి సందుల దగ్గర అరచేయి ఎందుకు ఉంచాడు? మన ఇళ్ళలోని దుమ్ము, నూలు పోగులు, దుప్పటి మీద పెట్టి వాడటం - ఇవన్నీ కలిసి ఫ్యాను ముందున్న సన్నని లోహపు రెక్కలకు కంబళి కప్పుతాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు.

దానికి తోడు చిప్పుకూ రాగి పలకకూ నడుమ పూసిన థర్మల్ పేస్టు ఏళ్ళ తరబడి వేడికి ఎండి బీటలు వారుతుంది. పైకి నున్నగా కనిపించే రెండు లోహతలాల నడుమ కంటికి కనిపించని గుంటలుంటాయి. ఆ గుంటలలో గాలి నిండితే వేడి దాటదు. వేడిని ప్రసరింపజేయడంలో గాలికంటె మంచి పేస్టు వంద రెట్లకు పైగా సమర్థమైనది. పాత పేస్టును తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు వేస్తే చాలు. ఎక్కువ పూస్తే మేలు పెరగదు.

దుమ్ము దులిపి పేస్టు మార్చిన లాప్‌టాప్‌లో టర్బో బూస్ట్ మరల మేలుకుంటుంది. కొరడా పట్టకుండానే దక్కిన ఓవర్‌క్లాకింగ్ అది.

నిపుణులు మరొక మెట్టు ముందుకు వేసి ఓవర్‌క్లాకింగ్‌కు సరిగ్గా వ్యతిరేకమైన పని చేశారు. వేగాన్ని తగ్గించకుండా వోల్టేజిని మాత్రం కొద్దిగా తగ్గించడం. 8 శాతం తగ్గిస్తే ఇందాకటి వర్గపు లెక్క ప్రకారం వేడి సుమారు 15 శాతం తగ్గుతుంది. చల్లబడిన చిప్పు ఎక్కువసేపు పరుగెత్తుతుంది. కాని 2019 డిసెంబరులో బర్మింగ్‌హాం, గ్రాజ్, లూవెన్ విశ్వవిద్యాలయాలకు చెందిన పరిశోధకులు ఒక కొత్త ప్రమాదాన్ని బయటపెట్టారు. ఇదే వోల్టేజి మార్గాన్ని దుర్వినియోగం చేసి చిప్పులోని రహస్య అరలో తప్పు లెక్కలు పుట్టించవచ్చునని నిరూపించారు. దానికి ప్లండర్‌వోల్ట్ అని పేరు పెట్టారు. ఆ తరువాత వచ్చిన సవరణలతో అనేక లాప్‌టాప్‌లలో ఈ వీలు మూతపడింది. దొంగ భయానికి కిటికీ మూస్తే గాలి కూడా ఆగిపోయినట్టయింది.

గడువు తీరిన యంత్రాలు

ఇన్ని చేసినా ఒక చిక్కు మిగిలి ఉన్నది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతు నిలిపివేసింది. కోరినవారికి భద్రతా సవరణలను మరొక ఏడాది అందించే ఏర్పాటు చేసింది. 2021లో వచ్చిన విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు, అధికారిక జాబితాలో చోటు దక్కిన ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లో స్థూలంగా 2017 చివరినుంచి వచ్చిన ఎనిమిదవ తరం, ఆ పైబడినవే ఆ జాబితాలో ఉన్నాయి. అంతకు ముందరివి ఎంత ఆరోగ్యంగా ఉన్నా వాటికి ప్రవేశం లేదు.

అటువంటి యంత్రాలకు ఆశ్రయం లినక్స్. ఫిన్లాండ్ విద్యార్థి లినస్ తోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన ఈ ఉచిత వ్యవస్థలో మింట్, లుబుంటు వంటి రూపాలు పాత లాప్‌టాప్‌లపై తేలికగా నడుస్తాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏళ్ళుగా లినక్స్ మీదనే చదువుకుంటున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఇటువంటి వ్యవస్థను తెలుగులోనే అందించడానికి కృషి చేసింది. అయితే కొన్ని వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసమే తయారైనవి. కనుక మారేముందు, రోజూ ఏ పనులు చేస్తామో రాసుకుని ఒకసారి సరిచూసుకోవాలి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసే సౌకర్యం లినక్స్‌లో ఉన్నది. పాతదానిని చెరపకుండానే రుచి చూడవచ్చు.

స్క్రూ ఉన్నంతవరకు

చైనాలోని షెన్‌జెన్‌లో కొందరు ఔత్సాహికులు ఈ మరమ్మతును ఒక కళగా మార్చారు. 51ఎన్.బి. పేరుతో వారు 2007నాటి థింక్‌పాడ్ ఎక్స్61 పెట్టెలో ఇమిడేలా సరికొత్త మదర్‌బోర్డు తయారుచేసి ఎక్స్62 అని పేరు పెట్టారు. పాత పెట్టె, పాత కీబోర్డు. లోపల మాత్రం ఇంటెల్ ఐదవ తరపు ప్రాసెసర్. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అనే సంస్థ 2021 నుంచి మదర్‌బోర్డుతో సహా ముఖ్య భాగాలన్నిటినీ యజమానే మార్చుకోగల లాప్‌టాప్‌లను అమ్ముతున్నది.

లోకం మాత్రం ఎక్కువగా అటు నడవలేదు. పలుచదనం కోసం నేటి లాప్‌టాప్‌లలో అనేకం ర్యామ్‌ను మదర్‌బోర్డుకు అతికించి వస్తున్నాయి. కొన్నిటిలో ఎస్.ఎస్.డి. కూడా అంతే. బల్ల వెడల్పు కొన్ననాడే శాశ్వతంగా నిర్ణయమైపోతుంది. అందుచేత ఎనిమిదేళ్ళ తరువాతి మరమ్మతు నిజానికి కొనేనాడే మొదలవుతుంది. "దీని ర్యామ్ మార్చవచ్చునా? డిస్కు మార్చవచ్చునా?" అని ఆనాడే అడగాలి. భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. ఆ హక్కు నిలవాలంటే విప్పదగిన స్క్రూలు కూడా ఉండాలి.

ఎంత చేసినా బాగుపడని యంత్రాలూ ఉంటాయి. మదర్‌బోర్డు కాలిపోతే ఖర్చు గిట్టుబాటు కాదు. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడకం మానాలి. దానిని గుచ్చినా, నొక్కినా అంటుకునే ప్రమాదం ఉన్నది. పెద్ద వీడియోల కూర్పు, కొత్త ఆటల వంటి నిజమైన లెక్కల పనికి పాత ప్రాసెసర్ చాలదు. అటువంటప్పుడు యంత్రాన్ని అధీకృత రీసైక్లింగు కేంద్రానికి అప్పగించడమే సరైన వీడ్కోలు. 2022లో ప్రపంచం పారవేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక లెక్కకట్టింది. అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైక్లింగు చేసినది 22.3 శాతమే. మిగిలినదానిలో కొంత ఢిల్లీ సీలంపూర్ వంటి చోట్ల చేతులతో, మంటలతో, ఆమ్లాలతో విడగొట్టే పేదల ఊపిరితిత్తులలోకి చేరుతుంది. ఒక లాప్‌టాప్ ఇంకొక నాలుగేళ్ళు బతికితే ఆ కుప్పకు చేరడం నాలుగేళ్ళు వాయిదా పడుతుంది.

దుకాణంలో ముప్పావు గంట గడిచింది. మెకానిక్ బ్యాటరీ విడదీసి, పది స్క్రూలు తీసి, ఫ్యాను వెనకనుంచి బూడిదరంగు దుమ్ము పొరను పట్టకారుతో లాగి బల్లమీద పెట్టాడు. పేస్టు మార్చాడు. ఎస్.ఎస్.డి. అమర్చాడు. పాత డిస్కును ఒక చిన్న డబ్బాలో బిగించి అమ్మాయి చేతికిచ్చాడు. "నీ ఫైళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా. దీన్ని ఇంక నమ్ముకోవద్దు, ఇంటికి వెళ్ళగానే ఇంకో చోటికి ఎక్కించుకో."

తండ్రి మీట నొక్కి, అలవాటు ప్రకారం స్టూలుమీదనుంచి లేవబోయాడు. అంతలోనే తెర వెలిగి, పేరూ పాస్‌వర్డూ అడిగింది. ఆయన మరల కూర్చుని, సంచి మడుస్తూ కూతురివైపు చూశాడు. ఆమె అప్పటికే టైపు చేస్తున్నది.